పాతరలో దీపం

మా ఇంట్లో పిల్లల చెవిన పడకూడని మాట ఏదైనా ఉంటే పెద్దవాళ్ళం తెలుగులోకి దిగిపోతాం. కోయంబత్తూరులో మాలాంటి ఇళ్ళన్నిటా ఇదే వరస. వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు అని గొప్పగా చెప్పుకుంటాం గానీ అది పెద్దవాళ్ళ సంగతి. పిల్లలు తమిళంలోనే ఏడుస్తారు, తమిళంలోనే నవ్వుతారు. తిన్నావా, రా, పో అనే మాటల వరకే వాళ్ళకి తెలుగు తెలుసని, అంతకుమించి చెవికెక్కదని మేమే తీర్మానించేసుకున్నాం. ఎవరింట్లో సంబంధం చెడింది, ఎవరికి ఏ జబ్బు వచ్చింది, ఏ తోట మీద కోర్టులో కేసు పడింది, అన్నీ పిల్లలు కంచం ముందు కూర్చుని ఉండగానే తెలుగులో నడుస్తాయి. నా అత్తారింట్లో మూడు తరాలుగా ఇలాగే జరుగుతోంది.

నేను చెప్పేది నా కూతురు అన్నం మానేసిన ఫిబ్రవరి గురించి. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. మొత్తంగా మానేయలేదు, అలా అయితే నాకు వెంటనే తెలిసేది. కలిపిన ముద్ద కలిపినట్టే ఉండేది, అంచున నాలుగు మెతుకులు తగ్గేవి. ఏమే అంటే, "పసిక్కలే అమ్మా," ఆకలి లేదని, తమిళంలో ఒక మాట. బడిలో ఏదైనా గొడవేమో అనుకున్నాను. కడుపులో నులిపురుగులేమో అని మాత్ర కూడా వేశాను. దాని ముఖం రోజురోజుకీ పీక్కుపోతుంటే నాకు లోపల ఒకటే గుబులు. ఆ గుబులు మీద ఇంకో గుబులు.

ఆ రెండోది ఆకాశంలో ఉంది, ఒక రాయి.

నేను ఫిజిక్స్ టీచర్ని. పుట్టింది మదురై వైపు, వాడిపట్టి దగ్గర. మెట్టింది కోయంబత్తూరు. తిరుపతిలో చదువుకున్న రోజుల్లో ఈ లిపి పట్టుబడింది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. మా ఆయనకి, మా అత్తకి తెలుగు మాట్లాడటమే గానీ చదవటం రాదు. అందుకని వాళ్ళ గురించి ధైర్యంగా రాయొచ్చు.

ఆ రాయికి పేరు కూడా లేదు. కనిపెట్టిన సంవత్సరం, పక్కన రెండు అక్షరాలు, ఒక అంకె, అంతే. మా బడి బస్సులకి పువ్వుల పేర్లున్నాయి, దీనికి అదీ లేదు. 2024 క్రిస్మస్ నాడు భూమికి చంద్రుడికన్నా రెండింతల దూరంలోంచి దాటిపోయింది. ఎవరూ చూడలేదు. దాటిపోయిన రెండు రోజులకి చిలీ దేశంలో ఒక టెలిస్కోపు కంట పడింది. నన్ను మొదట భయపెట్టింది అదే. వస్తున్నప్పుడు కాదు, వెళ్ళిపోతున్నప్పుడు చూశారు. మన పెరట్లోకి ఎవడో వచ్చి తిరిగి వెళ్ళిపోతుంటే వాడి వీపు చూసి కేకలు వేసినట్టు.

సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగటానికి దానికి దాదాపు నాలుగేళ్ళు పడుతుంది. మన భూమి దారి ఇంచుమించు గుండ్రం. దాని దారి బాగా సాగదీసినట్టు ఉంటుంది. ఒక కొస మన దారికి కాస్త లోపలికి వస్తుంది, ఇంకో కొస అంగారకుణ్ణి దాటి గురుగ్రహం వైపు దూరంగా పోతుంది. సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడు మహా వేగం, దూరంగా ఉన్నప్పుడు నత్తనడక. అందువల్ల నాలుగేళ్ళలో ఎక్కువ కాలం అది చాలా దూరంలో, చాలా మసగ్గా, మనకి ఆనకుండా ఉంటుంది. మళ్ళీ ఇటు వచ్చేది 2028లో, ఆ తర్వాత 2032 డిసెంబరులో. ఆ డిసెంబరులో దాని దారీ మన దారీ కలిసే చోట అదీ మనమూ ఒకేసారి ఉండొచ్చని లెక్కల్లో తేలింది. తేలింది అనకూడదు, ఉండొచ్చు అని వచ్చింది. నా వృత్తి అంతా ఆ రెండు మాటలకీ ఉన్న తేడా పిల్లలకి చెప్పటమే. ఆ నెలలో నాకే ఆ తేడా నిలవలేదు.

పెద్ద రాయేం కాదు. పదిహేనంతస్తుల ఇల్లంత ఉంటుందన్నారు. డైనోసార్లని చంపిన రాయిలాంటిది కాదు, ప్రపంచం మునిగిపోదు. ఇరవై నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. ఆ తర్వాత ఎప్పుడో చదివాను, అది బంగాళాదుంపలా కాకుండా ఇడ్లీలా అణిగి ఉందట. ఇడ్లీ అనగానే మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ప్రపంచానికి ఏమీ కాదు, కానీ ఏ ఊరి మీద పడితే ఆ ఊరు ఉండదు. పడితే ఎక్కడ పడొచ్చు అని ఒక పటం వేశారు. పసిఫిక్ సముద్రం తూర్పున మొదలై దక్షిణ అమెరికా పైభాగం, అట్లాంటిక్, ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా ఒక సన్నటి పట్టీ. దాని చివర మన దేశం. ఏ ఊరని ఎవరూ అనలేదు. నేను మాత్రం స్టాఫ్ రూములో ఫోను తెర మీద వేళ్ళు పెట్టి సాగదీసి, ఆ పట్టీ అంచు నుంచి కోయంబత్తూరుకి ఎంత దూరమో చూస్తూ కూర్చున్నాను. పక్కనున్న కెమిస్ట్రీ టీచరు ఏం చూస్తున్నావంటే తేని ఊరికి వెళ్ళే దారి అని చెప్పాను.

జనవరి చివరికి అవకాశం ఒక శాతం దాటింది. ఫిబ్రవరిలో రెండు దాటింది. తర్వాత మూడు.

ఎందుకు పెరుగుతోందో నాకు తెలుసు. మన ఫోనులో మ్యాపు తెరిస్తే మొదట మన చుట్టూ పెద్ద నీలం గుండ్రం కనపడుతుంది, మీరు ఇందులో ఎక్కడో ఉన్నారని. కాసేపటికి ఆ గుండ్రం చిన్నదవుతుంది. రాయి విషయమూ అంతే. 2032లో అది ఉండగల చోటు మొదట చాలా పెద్దది, అందులో భూమి చిన్న చుక్క. కొలతలు పెరిగేకొద్దీ ఆ చోటు కుంచించుకుపోతుంది. భూమి ఇంకా అందులోనే ఉంటే భూమి వాటా పెరిగినట్టు కనపడుతుంది. చివరికి ఆ గుండ్రం ఇంకొంచెం చిన్నదై భూమిని దాటి పక్కకి పోతుంది, శాతం ఒక్కసారిగా పడిపోతుంది. సాధారణంగా అంతే జరుగుతుంది. ప్లస్ టూ పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను, నవ్వుతూ చెప్పాను. చెప్పి మెట్లు దిగుతూ మధ్యలో ఆగిపోయాను. సాధారణంగా అన్న మాట ఎంత పిరికిదో నాకు ఆ మెట్ల మీద అర్థమైంది. 2032కి నా కూతురికి పదహారు నిండుతాయి. నేను లెక్క వేసిందల్లా అదొక్కటే.

మా ఆయనకి పంపు మోటార్లకి కావలసిన ఇనుప భాగాలు పోతపోసే పట్టర ఉంది. పట్టర అంటే మా వైపు వర్క్‌షాపు. ఆయనకి శాతాలంటే రోజూ చూసే విషయమే. రాత్రి అన్నాల దగ్గర నేను ఆ రోజు అంకె చెప్పేదాన్ని, తెలుగులో, ఎందుకంటే పక్కన కూతురు కూర్చుని ఉంటుంది.

"ఇవాళ మూడుకి వచ్చింది," అన్నాను ఒక రోజు.

"మూడు పర్సెంటు రిజెక్షనా? మా పట్టరలో అంత తక్కువ వచ్చెనంటే ఆ దినం అందరికీ బిర్యానీ," అన్నాడు.

"ఆ మూడులో పడిన ముక్క ఏమవుతుంది?"

"పగలగొట్టి మళ్ళీ కొలిమిలో వేస్తాము."

"కదా," అన్నాను.

ఆయన ముఖం మారింది. "ఏలనే దినమూ అదే మాట? వచ్చేదైతే వస్తాది. ఊరంతా పోయేటప్పుడు మనం మాత్రం యాడికి పోతాము?" అన్నాడు. విసుక్కుని అన్న మాటే, కానీ ఆయన గొంతులో కూడా భయముంది. నాకు అది తెలిసింది. మా మధ్య కూర్చున్న పిల్ల తలవంచుకుని పెరుగన్నం కెలుకుతోంది. నేను దాని వైపు తిరిగి తమిళంలోకి మారి, సాప్పిడు కణ్ణు, తిను తల్లీ, అన్నాను. అది ఒక మెతుకు నోట్లో పెట్టుకుంది.

ఆ వారంలోనే బిస్కెట్ డబ్బా త్వరగా ఖాళీ అవుతోందని గమనించాను. అన్నం తినదు గానీ బిస్కెట్లు మింగుతోందని కోప్పడ్డాను.

ఆదివారాలు మేము అన్నూరు దగ్గర తోటకి పోతాం. మా అత్త అక్కడే ఉంటుంది. అరటి, పసుపు, నాలుగు ఆవులు, డ్రిప్పు పైపులు, పనివాళ్ళు, అన్నీ ఆవిడ నోటి కిందే నడుస్తాయి. టౌనులో ఒక్క పూట ఉంచుదామన్నా ఉండదు, మా ఫ్లాటులో గాలి ఉడకబెట్టినట్టు ఉంటుందట. నా మదురై తెలుగు విని ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఆవిడ ఏల అంటే నేను ఎందుకు అంటాను, ఆవిడ యాడ అంటే నేను ఎక్కడ అంటాను, ఆవిడకి అది సినిమా భాష.

ఆ ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం కొట్టం పక్కన కూర్చుని చింతకాయలు ఒలుస్తున్నాం. పిల్ల అరుగు మీద ఫోనులో ఏదో ఆట ఆడుతోంది. ఆవిడ రాయి సంగతి తమిళ యూట్యూబులో చూసిందట, ఎర్ర గుండ్రాలు గీసి ఒకడు అరుస్తున్నాడట. నన్ను అడిగింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వింటూ చేతులు ఆపేసింది.

"అట్లా రాయి పడేటట్టైతే మనుషులు కూడా పాతరలోకి దిగవలసిందే," అంది.

కొట్టం వెనకాల పాత పాతర ఉంది. నేలలో కుండ ఆకారంలో తవ్విన గొయ్యి. పైన మూతి ఒక మనిషి పట్టేంత, లోపల గది అంత వెడల్పు. ఆ కాలంలో జొన్నలు అందులో పోసి, గడ్డి పరిచి, మూత రాయి వేసి, మట్టి కప్పేవాళ్ళు. కరువు వస్తే తవ్వి తీసేవాళ్ళు. మా అత్త కాపురానికి వచ్చేనాటికే అది వట్టిపోయింది. మూత రాయి పగిలితే ఒక రేకు కప్పి దాని మీద ఇటుకలు పెట్టి ఉంచారు.

"ఒక తూరి దొంగల భయమైతే ఆడవాళ్ళనీ పిల్లలనీ అందులో దించి పైన గడ్డి కప్పిరంట. మా అత్త చెప్పెను," అంది. తర్వాత గొంతు తగ్గించింది. తగ్గించాల్సిన పని లేదు, తెలుగే కదా. "అయితే ఊరికే దిగకూడదు. మూత తీసి చాలాసేపు గాలికి వదలవలె. తరువాత కుండలో దీపం పెట్టి తాడుతో దించవలె. దీపం వెలుగుతా ఉండెనంటే మనిషి దిగవచ్చు. ఆరిపోయెనంటే అక్కడ ఊపిరి లేదు. మా మామ తమ్ముడు ఒకడు తొందరపడి దీపం లేకుండా దిగెను. పైకి తాడేసి లాగినప్పుడు ఒళ్ళు మాత్రమే వచ్చెను."

పిల్ల వైపు చూశాను. అది తల ఎత్తలేదు, ఫోను మీద వేలు మాత్రం కదలటం లేదు. ఆట లోడ్ అవుతోందేమో అనుకున్నాను.

తర్వాత రెండు మూడు రోజులకే అంకె పడిపోయింది. మూడు నుంచి ఒకటిన్నరకి, అక్కణ్ణుంచి ఒకటి లోపలికి, ఆ పైన లెక్క పెట్టనక్కర్లేనంతకి. నీలం గుండ్రం చిన్నదై భూమిని దాటి పక్కకి పోయింది. 2032లో అది భూమిని తాకదు. స్టాఫ్ రూములో ఆ వార్త చదివి బాత్రూములోకి పోయి ఏడ్చాను. ఇంత చదువుకుని ఇదేం ఏడుపని నన్ను నేనే తిట్టుకున్నాను, ఐనా ఆగలేదు. బడి నుంచే మా ఆయనకి ఫోను చేసి చెప్పాను. "అప్పాడా," అన్నాడు, హమ్మయ్య అని. పట్టర శబ్దంలో కాసేపు ఇద్దరం ఊరికే ఫోను పట్టుకుని ఉన్నాం. దారిలో మైసూర్‌పాక్ కొన్నాను.

ఇంటికొచ్చి డబ్బా తెరిచి పిల్ల ముందు పెట్టాను. ఎందుకమ్మా అని అడిగింది. "చుమ్మా దాన్," అన్నాను, ఊరికేనే అని. అది నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఒక ముక్క తీసుకుంది. ఆ ముక్క మర్నాడు దాని బ్యాగులో టిష్యూ కాగితంలో చుట్టి కనపడింది. ఆ రాత్రి అన్నాల దగ్గర రాయి మాట రాలేదు. ఇక ఎందుకొస్తుంది? భయం ఉన్నన్నాళ్ళూ రోజూ చెప్పుకున్నాం. పోయాక అది మాట్లాడుకునే విషయం కాదు. మా ఆయన పట్టరలో కొత్త ఆర్డరు సంగతి చెప్పాడు, నేను పరీక్ష పేపర్ల సంగతి చెప్పాను. పిల్ల కంచంలో అన్నం అలాగే ఉంది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. నాకు రాయి బెంగ తీరింది గానీ పిల్ల బెంగ పెరిగింది. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకుపోదామని మా ఆయనతో చెప్పాను. తోటకి బయల్దేరుతుంటే అది బడి బ్యాగు వేసుకుంది. ఆదివారం బ్యాగెందుకే అంటే హోంవర్కు అంది. బరువుగా ఉంది. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

భోజనాలయ్యాక మా ఆయన మంచం మీద వాలాడు. నేను గిన్నెలు కడిగి వచ్చేసరికి అరుగు మీద పిల్ల లేదు. ఆవుల దగ్గరుందేమో అనుకున్నాను. మా అత్త దేవుడి గదిలోంచి అరిచింది, "దీపం కుంది యాడ?"

ఇత్తడి కుంది, రోజూ వెలిగించేది, దాని చోట లేదు. పక్కన నూనె గిన్నె బోర్లా పడి ఉంది. అగ్గిపెట్టె లేదు.

నాకు ఆ క్షణాన ఏమీ తోచలేదు. తోచింది మా అత్తకి. ఆవిడ ముఖంలో రక్తం లేకుండా పోయింది. "పాతర," అంది.

కొట్టం వెనక్కి ఎలా పరిగెత్తానో తెలియదు. చెప్పులు లేవు, పల్లేరుకాయలు కాళ్ళలో దిగాయి, అవి తర్వాత తీసుకున్నాను. ఇటుకలు పక్కకి పేర్చి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, బుద్ధిగా. రేకు సగం జరిపి ఉంది. గొయ్యి మూతి నల్లగా ఉంది. కుళ్ళిన గడ్డి వాసన మొహాన కొట్టింది. పోయిన వానల్లో నీళ్ళు లోపలికి దిగి పాత గడ్డి అంతా మురిగిపోయి ఉంది. నేలమీద పడుకుని లోపలికి తలపెట్టి పిలిచాను. నా గొంతు గుండ్రంగా తిరిగి నాకే వచ్చింది. ఇంకేమీ రాలేదు.

కాళ్ళు లోపలికి వేశాను. మా అత్త వెనకనుంచి నా జుట్టు పట్టుకుని లాగింది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, నన్ను నేలకేసి అదిమి నా మీద కూర్చుంది. "దీపం! ముందు దీపం!" అని అరుస్తోంది. నేను ఆవిడ చేతిని కొరికాను. నిజంగానే కొరికాను, ఆవిడ మణికట్టు మీద నా పళ్ళ గుర్తు పడింది. ఆవిడ వదల్లేదు. "నీవూ పోతే దాన్ని ఎవరు తీసేది?" అంటోంది, ఏడుస్తోంది.

మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. ఫోను టార్చి వేసి బావి తాడుకి కట్టి దించాడు. వెలుతురు అడుగుకి చేరింది. అడుగున బడి బ్యాగు. పక్కన బిస్కెట్ ప్యాకెట్లు, రెండు నీళ్ళ సీసాలు, దాని పువ్వుల దుప్పటి. పిల్ల కనపడలేదు. కనపడకపోతే ఏం, పాతర కడుపు పక్కలకి వెడల్పు, మూతి నుంచి గోడలు కనపడవు. దుప్పటి ఒక కొస పక్కకి, చీకట్లోకి, లాగి ఉంది. నేను ఆ కొసనే చూస్తున్నాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ కొసే కనపడుతుంది.

ఆయన ఎండు కొబ్బరాకు ముట్టించి లోపలికి వేశాడు. మంట సగం దూరం కూడా పోలేదు, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.

అప్పుడు నేను అరిచిన అరుపు నాది అనిపించలేదు. రాయి కోసం ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నాను, నా పిల్ల నేల కిందకి పోయింది, నాకు తలలో ఇదొక్కటే మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. మా ఆయన మొహానికి తువ్వాలు కట్టుకుని నడుముకి తాడు బిగిస్తున్నాడు, మా అత్త ఆయన కాళ్ళు పట్టుకుంది, నేను ఆ తాడు ఇంకో కొస వేపచెట్టుకి చుడుతున్నాను, ముడి పడటం లేదు.

"అమ్మా."

వెనకనుంచి. కొట్టంలో గడ్డివామి పక్కనుంచి. దాని గౌను నిండా నూనె మరకలు, చేతిలో తాడు కట్టి ఉన్న, ఆరిపోయిన కుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. సామాన్లు ముందే లోపలికి పడేసిందట, తిడతామని గడ్డి వెనకాల దాక్కుందట, నా అరుపుకి భయపడి బయటికి వచ్చిందట.

మేము ముగ్గురం కదల్లేదు. అది మా దగ్గరికి రాలేదు. అక్కడే నిలబడి మాట్లాడింది, నా పిల్ల, పుట్టి బుద్ధెరిగాక నాతో ఒక్క వాక్యం తెలుగులో చెప్పని పిల్ల, అచ్చంగా మా అత్త తెలుగులో.

"మూడు తూర్లు దించితిని అమ్మా. మూడు తూర్లూ ఆరిపోయెను. ఆడ ఊపిరి లేదు. మనం ఆడ ఉండలేము." కుందిని నేలమీద పెట్టింది. "రాయి వచ్చేటప్పుడు మరి యాడికి పోదాము?"

నేను దాన్ని పట్టుకుని నేలమీద కూలబడ్డాను. మా ఆయన తాడు విప్పుకోవటం మర్చిపోయి అలాగే వచ్చి మా ఇద్దరి మీదా చేతులు వేశాడు. దాని వీపు నిమురుతూ నేను అలవాటు కొద్దీ తమిళంలో చెప్పటం మొదలుపెట్టాను. రాయి రాదు కణ్ణు, ఇంక రాదు, పక్కనుంచి పోతుంది, అందరూ చెప్పేశారు, ఏమీ కాదు. దాని ఒళ్ళు నా చేతుల్లో కొంచెం కూడా మెత్తబడలేదు. కర్రలా ఉంది. నా ముఖంలోకి చూసింది, మైసూర్‌పాక్ రోజున చూసినట్టే.

"నాకు తమిళంలో చెప్పేదంతా చుమ్మా," అంది. "నిజం మీరు తెలుగులోనే కదా చెప్పుకుంటారు."

అది నా చేతుల్లోంచి జారి, కొంచెం దూరం పోయి, మాకు వీపు పెట్టి కూర్చుంది. గడ్డిపరక ఒకటి తీసి ముక్కలు చేయటం మొదలుపెట్టింది. ఇంట్లో అన్నాల దగ్గర కూర్చున్నట్టే, మమ్మల్ని పట్టించుకోనట్టే.

"అవ్వకి చెప్పు," అంది అటు తిరిగే. "నేను వింటాను."

మా అత్త నా ఎదురుగా మట్టిలో కూర్చుంది. మణికట్టు మీద నా పళ్ళ గుర్తు నుంచి రక్తం చిన్నగా కారుతోంది, తుడుచుకోలేదు. నేను చెప్పాను. తెలుగులో, ఒక్కటీ దాచకుండా. ఆ రాయి దారి ఎలాంటిదో, నాలుగేళ్ళకోసారి ఎందుకు వస్తుందో, మొదట ఎందుకు మూడు అన్నారో, ఫోనులో గుండ్రం ఎలా చిన్నదైందో, భూమి ఎలా బయటపడిందో. 2028లో మళ్ళీ ఇటు వస్తుందని, దూరంగా దాటిపోతుందని, ఇంకా బాగా కొలుస్తారని చెప్పాను. గడ్డిపరక విరిచే చేతులు ఆగాయి. ఒకటి దాచేద్దామా అనిపించింది, దాచలేదు. చంద్రుడి మీద పడటానికి మాత్రం కొంచెం అవకాశం ఇంకా మిగిలి ఉందని చెప్పాను.

"చంద్రుడికి ఏమి అవుతాది?" అంది మా అత్త. ఆవిడకి తెలుసు ఎవరి తరఫున అడుగుతోందో.

"ఒక గుంత పడుతుంది అత్తా. అంతే. చంద్రుడు అక్కడే ఉంటాడు."

"మన తోట మీద?"

"పడదు."

"కోయంబత్తూరు మీద?"

"పడదు."

ఆవు ఒకటి తాడు లాగుతూ అరిచింది. పిల్ల అటు తిరిగే ఉంది.

"అవ్వా," అంది. "నిజమేనా అని ఇంకొక తూరి అడుగు."

మా అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "నిజమేనానే?" అని నన్ను అడిగింది.

"నిజమే అత్తా," అన్నాను.

అప్పుడు అది మా వైపు తిరిగింది. పాతర అడుగున ఉన్న తన బ్యాగుని ఎవరైనా తీసివ్వగలరా అని అడిగింది. తర్వాత తీద్దామన్నాడు వాళ్ళ నాన్న. సరే అని తలూపి, లేచి, మా అత్త కొంగు పట్టుకుంది.

"అవ్వా, ఆకలి అవుతా ఉండాది," అంది.